కందప్పన్ పెట్టని సంతకం

పార్టీ పత్రిక ఇంకా కందప్పన్ పేరు మీదే వచ్చేది. మనిషి పోయి ఎనిమిది నెలలైనా, ప్రతి మంగళవారం పోస్టాయన దాన్ని గడపలోకి విసిరేసి సైకిలెక్కి పోయేవాడు. మరుదాయి దాన్ని చదివేది కాదు. అలమరలో పరవడానికో, మిరపకాయలు ఎండబెట్టడానికో వాడుకునేది. ఆ మంగళవారం కూడా వాకిట్లో పత్రిక పరిచి, చేటలో మిరపకాయలు పోయబోతూ ఆగిపోయింది. మొదటి పేజీలో, పెద్ద ఫొటో కింద, సన్నటి అక్షరాల్లో మొగుడి పేరు కనిపించింది.

ఆమెది మూడో తరగతి చదువు. అక్కడే గొంతుక్కూర్చుని కూడబలుక్కుంటూ చదివింది.

పేదల పార్టీ ఎళియోర్ కళగం అధ్యక్ష పదవికి యువనేత ఆదవన్ పేరును, తొలి శాఖ తరపున, వెళ్ళియంపాళయం కందప్పన్ పోయినవారం ప్రతిపాదించారట. గడువు గురువారం సాయంత్రం దాకా ఉన్నా ఇంకెవరూ పోటీకి వచ్చే సూచన లేదట. శుక్రవారం ఈరోడ్ ఆఫీసులో పరిశీలన, మూడు గంటలకు ప్రకటనట.

రెండోసారి చదివింది. మూడోసారి అక్షరాలు ఆనలేదు. చేట పక్కన పడేసి లేచిన విసురుకి సగం మిరపకాయలు మట్టిలో దొర్లాయి.

"ఏమైందక్కా?" అని గోడ మీంచి తొంగి చూసింది పక్కింటి పావాత్తాళ్.

"మా ఆయన ఎవరినో నాయకుణ్ణి చేశాడంట."

"ఎప్పుడు?"

"పోయినవారం."

పావాత్తాళ్ గోడ మీద రెండు చేతులూ ఆనించింది. "పాపం, పోయిన సంగతి వాళ్ళకి తెలీదేమో?"

"తెలీకపోవడమేంటే! జిల్లా కార్యదర్శి సెంగోడన్ రాలేదూ? శవం మీద జెండా కప్పి, దండేసి, మూడు ఫొటోలు దిగలేదూ? మొదటి ఫొటోలో కళ్ళు మూసుకున్నాయని రెండోది తీయించుకున్నాడు. మూసుకున్నవి మా ఆయనవి కాదు, వాడివే."

పావాత్తాళ్‌కి నవ్వొచ్చింది. మరుదాయికి రాలేదు.

ఆ పార్టీ పుట్టింది వీళ్ళ మగ్గాల కొట్టంలోనే. అరవై ఎనిమిదో సంవత్సరం. మరుదాయికి పంతొమ్మిదేళ్ళు, కాపురానికొచ్చి ఏడాది. చుట్టుపక్కల తొమ్మిది ఊళ్ళ దుప్పటి నేతగాళ్ళు, మిల్లు కూలీలు కలిపి రెండు వందల ఎనభై మంది చేరారు. నాయకుడెవరనేది తేలాలి. పొన్నంబలం అని ఒకాయన, మాట్లాడితే మగ్గాలు ఆగిపోయేవి. రాక్కియప్పన్ అని ఇంకొకాయన, పది మాటలడిగితే ఒక మాట చెప్పేవాడు, చెప్పింది చేసేవాడు. చేతులెత్తమన్నారు ఎవరో. నూలిచ్చే యజమానులు అప్పటికే వాకిట్లో నిలబడి, ఎవరెవరు వచ్చారో చూసుకుంటున్నారు. "చెయ్యెత్తితే రేపు నూలు ఆగుతుంది" అన్నాడు కందప్పన్. "నూలు కండెలు వేద్దాం."

దుప్పటి ఒకటి అడ్డం కట్టారు. వెనకాల రెండు కడవలు పెట్టారు. ఒక్కొక్కరూ ఒక్కో కండె పట్టుకుని లోపలికి వెళ్ళి, మనసులో ఉన్నవాడి కడవలో వేసి ఒట్టి చేతులతో బయటికొచ్చారు. ఆ కండెలన్నీ నేతకని అంతకుముందు రెండు రోజులు రాట్నం ముందు కూర్చుని చుట్టింది మరుదాయి. లెక్క చూసింది నల్లశివం మాస్టారు, అప్పుడే బడిలో చేరిన కుర్ర మాస్టారు. పదకొండు కండెలు ఎక్కువ వచ్చి పొన్నంబలం గెలిచాడు. రాక్కియప్పన్ తన తలపాగా విప్పి పొన్నంబలం తలకి చుట్టి, అతని పక్కనే చాప మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు ఆ పార్టీకి కోశాధికారిగా అలాగే పక్కన కూర్చున్నాడు.

ఒక్కటే చిక్కొచ్చింది. మనుషులు రెండు వందల ఎనభై, కండెలు రెండు వందల ఎనభై ఒకటి. మాస్టారు మూడుసార్లు లెక్కపెట్టాడు. చివరికి ఎవరో పొరపాటున రెండేశారనుకుని వదిలేశారు. దుప్పటి ఒకవైపు జారిందని సరిచేయడానికి లోపలికెళ్ళిన మరుదాయి, కొంగులోంచి ఒక కండె తీసి రాక్కియప్పన్ కడవలో వేసిన సంగతి మొగుడికి కూడా ముప్పై ఏళ్ళ దాకా చెప్పలేదు. ఆడవాళ్ళకి సభ్యత్వం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. తోచినప్పుడు, కందప్పన్ ఇంట్లో ఒకటి ఉందిగా, చాల్లే అన్నారు.

ఆ తర్వాత కండెల పని పడలేదు. డెబ్భై తొమ్మిదిలో మళ్ళీ ఎన్నికొస్తే ఈరోడ్ మైదానంలో చేతులెత్తించారు. ఎత్తని వాళ్ళ పేర్లు ఒకాయన పుస్తకంలో రాసుకున్నాడు. యజమానులు చేసిన పనే అది, ఈసారి వేదిక మీద కూర్చుని చేశారు. ఎనభై ఏడులో పొన్నంబలం పోయాడు. పదమూడో రోజు సంతాప సభలోనే కొడుకు ఇళంకో పేరు చదివారు. తొలి శాఖ ప్రతిపాదించాలి, అది ఆనవాయితీ అన్నారు. కందప్పన్ లేచి ప్రతిపాదించాడు. జనం ఏడుస్తూనే సరే సరే అని అరిచారు.

ఆ సాయంత్రం కొత్త శాలువా భుజాన వేసుకుని ఇంటికొచ్చిన మొగుడికి మరుదాయి బియ్యప్పిండి సేమ్యాలాంటి సందగై వడ్డిస్తూ, "ఇంకో పేరు ఎవరూ చెప్పలేదా?" అంది.

"ఏడ్చే చోట ఇంకో పేరు చెప్తారటే?"

"ఏడ్చే చోట పేరెందుకు చదివారు మరి?"

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు కందప్పన్. మూడో రోజు మగ్గం మీంచి, "రాక్కియప్పన్ కూడా ఏడ్చాడు తెలుసా" అన్నాడు. అది సమాధానమో, సమాధానం లేకపోవడమో ఆమెకి తెలియలేదు.

అప్పట్నుంచి ఐదేళ్ళకోసారి జీపొచ్చేది. ప్రతిపాదన కాగితం, కందప్పన్ సంతకం, ఒక శాలువా. రాను రాను కాగితంలో పేరు రాసి తెచ్చే తీరిక కూడా లేకుండా పోయింది. ఖాళీ కాగితాలు తెచ్చేవారు. "మాటిమాటికీ రావడం ఎందుకన్నా, నాలుగు పెట్టెయ్" అనేవాడు సెంగోడన్. పెట్టేవాడు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం కింద దిండు పెట్టుకుని, అక్షరం అక్షరం కుదురుగా, గర్వంగా పెట్టేవాడు.

మూడేళ్ళ కింద పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పింఛనుకీ, రేషనుకీ ఎడమ బొటనవేలే. కిందటేడు ఆడి నెల, అంటే ఆషాఢం, రాకముందు సెంగోడన్ ఇంకోసారి వచ్చాడు. ఇళంకోకి గుండె బాగాలేదట, కొడుకు ఆదవన్‌ని తెస్తారట. వేలిముద్ర చాలన్నాడు. ఇంకు డబ్బా కూడా తెచ్చాడు.

కందప్పన్ మాట అప్పటికే ముద్దముద్దగా వచ్చేది. అయినా ఆ రోజు స్పష్టంగా వచ్చింది. "ఇంకెవరు?"

"ఇంకెవరంటే ఏంటన్నా?"

"రెండో పేరు. రెండు పేర్లు తే. ఒకదానికి పెడతా."

సెంగోడన్ నవ్వాడు. "పార్టీలో చేరి పదహారు నెలలైనా కుర్రాడు చురుకన్నా. రెండో పేరు ఎక్కణ్ణించి తెచ్చేది? నువ్వు నిలబడతావా?"

కందప్పన్ ఎడమచేతిని పిడికిలి బిగించి, బొటనవేలు లోపలికి పెట్టేసుకున్నాడు. సెంగోడన్ వెళ్ళేదాకా తియ్యలేదు. ఆ రోజు ఆ చేతిని విప్పి నూనె రాయడానికి మరుదాయి చాలాసేపు బతిమాలాల్సి వచ్చింది. ఇరవై రోజులకి పోయాడు.

ఇప్పుడు ఈ పత్రిక.

శుక్రవారం ఉదయం మరణ ధ్రువపత్రం మడిచి రవికలో పెట్టుకుని బస్సెక్కింది. జనమంటే ఇష్టం లేని మనిషి, మొగుడు పోయాక ఊళ్ళో శెట్టి కొట్టుకి కూడా వెళ్ళని మనిషి. దారి పొడవునా గోడల మీద ఆదవన్ నవ్వుతున్నాడు. మూడింటికి ప్రకటించాల్సిన గెలుపుకి ముందే శుభాకాంక్షలు అచ్చేశారు. చూసిన ప్రతి గోడా ఆమెకి లోపల ఒక పుల్ల ఎగదోసింది.

ఆఫీసు మెట్ల మీద డప్పుల వాళ్ళు, టపాకాయల బుట్టలు, కొబ్బరికాయలు. లోపల హాల్లో పాతిక ముప్పై మంది. బల్ల వెనక ఎన్నికల అధికారిగా నల్లశివం మాస్టారు. డెబ్భై ఎనిమిదేళ్ళు, చెవిలో మిషను. అతని వెనక గోడకి నియమాలు అంటించి ఉన్నాయి. పదిమంది ప్రతిపాదించాలి. గడువు గురువారం సాయంత్రం ఐదు. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్న పత్రం చెల్లదు. అభ్యంతరాలు సభ్యులు మాత్రమే చెప్పాలి.

"మరుదాయి! రామ్మా, కూర్చో. కాఫీ తాగుతావా?" అన్నాడు మాస్టారు.

"కాఫీకి రాలేదు మాస్టారూ. ఆ కాగితం చూపించండి."

చూపించాడు. మొదటి వరుసలోనే ఉంది. కుదురుగా, అక్షరం అక్షరం, దిండు మీద పెట్టుకుని చేసిన సంతకం. పక్కన పోయినవారం తేదీ ఎవరో వేరే ఇంకుతో రాశారు. ఆ చెయ్యి చూసేసరికి ఆమెకి కళ్ళు చెమర్చాయి. వెంటనే ఆ చెమ్మ మీద కోపమొచ్చింది. ఏడవడానికా వచ్చింది?

"ఇది మా ఆయన పెట్టలేదు."

"ఆయన చేవ్రాలే కదమ్మా."

"చెయ్యి పడిపోయి మూడేళ్ళు. మనిషి పోయి ఎనిమిది నెలలు. పోయినవారం ఏ చేత్తో పెట్టాడు?" అంటూ ధ్రువపత్రం తీసి బల్ల మీద పరిచింది.

సెంగోడన్ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, అక్కా, గుమాస్తా పొరపాటు. పాత కట్టలోంచి తీశాడు. నువ్వు ఫోను చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా?"

"పాత కట్టలో ఇంకా ఎంతమంది ఉన్నార్రా?"

వెనక బెంచీ మీది ముసలాయన ఒకడు లేచాడు. "అందులో నా పేరుందా, చూసి చెప్పమ్మా."

"మీ పేరేంటి?" అంది మరుదాయి.

"చిన్నముత్తు, గోపి ఊరి శాఖ."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాలుగో పేరు."

"ఓహో!" అన్నాడు చిన్నముత్తు. "ప్రతిపాదించానన్నమాట. మంచిది. ఇంతకీ ఎవరిని?"

నలుగురు నవ్వారు. సెంగోడన్ చూడగానే ముగ్గురు ఆపేశారు.

"మా ఆయన పేరు తీసెయ్యండి" అంది మరుదాయి.

మాస్టారు గోడ వైపు చూశాడు. "కొట్టేస్తే కాగితమే చెల్లదమ్మా. ఉన్నది ఇదొక్కటే. గడువా, నిన్నటితో అయిపోయింది." గొంతు తగ్గించాడు. "పెద్దవాళ్ళు పైనుంచి ఆశీర్వదించారనుకుందాం. కందప్పన్ ఉంటే మాత్రం కాదనేవాడా? ఈ పార్టీకి ప్రాణం పెట్టినవాడు."

"కాదన్నాడు! ఈ సెంగోడన్ ఇంకు డబ్బా పట్టుకుని మంచం దగ్గర కూర్చుంటే, రెండో పేరు తెమ్మన్నాడు. వేలు ముడుచుకుని కూర్చున్నాడు. అడగండి వీణ్ణి!"

సెంగోడన్ నేల చూశాడు. తర్వాత మాట మార్చాడు. "అభ్యంతరం సభ్యులే చెప్పాలక్కా. నువ్వు సభ్యురాలివి కాదు. నియమం నియమమే కదా."

"కాను. అందుకే మీరు నన్ను పార్టీలోంచి గెంటనూలేరు."

"మరుదాయీ..." మాస్టారు బల్ల మీదకి వంగాడు. "రాద్ధాంతం చెయ్యకు. ఈ వయసులో నీకెందుకు? పార్టీ చీలిపోతుంది. పోటీ వస్తే ముక్కలైపోతాం."

"అరవై ఎనిమిదిలో ముక్కలయ్యామా?"

ఆయన ఎవరికీ వినపడకుండా అడిగాడు. "ఆ ఎక్కువొచ్చిన కండె... నీదేనా?"

"నాదే. రాక్కియప్పన్‌కి వేశాను. ఓడిపోయాడు. కూలిందా మీ పార్టీ? ఓడినవాడు పక్కన కూర్చుని ఇరవై ఏళ్ళు చూసుకున్నాడు. మీరు గెలిచినవాణ్ణే కూర్చోబెట్టి, వాడి కొడుకుని కూర్చోబెట్టి, మనవణ్ణి కూర్చోబెట్టడానికి చచ్చినవాణ్ణి లేపుకొచ్చారు. ఆ రోజు మూడుసార్లు లెక్కపెట్టారే మాస్టారూ, ఒక్క కండె ఎక్కువైందని! ఇవాళ పది సంతకాల్లో ఎంతమంది బతికున్నారో ఒక్కసారి లెక్కపెట్టలేరా?"

మాస్టారు చెవిలో మిషను సర్దుకున్నాడు. సర్దుకున్నాడో, తగ్గించుకున్నాడో. "సరేలేమ్మా. అభ్యంతరం నోటి మాటగా విన్నాం. పత్రం సక్రమం." అని కలం మూత తీశాడు, ఆ మాట రాయడానికి.

అంతవరకూ మరుదాయి అనుకున్నది ఒక్కటే, పేరు తీసేస్తే చాలని. ఆ కలం మూత తియ్యడం చూశాక చాలలేదు. ఆయన చేతిలోంచి కలం లాక్కుంది. కాగితం తనవైపు తిప్పుకుంది. బల్ల మీద కూడబలుక్కుంటూ రాయడం మొదలుపెట్టింది. మూడో తరగతి అక్షరాలు, ఒక్కోటి చింతగింజంత. మొగుడి సంతకం మీద కాదు. దాని మీద గీత పడటానికి ఆమె చెయ్యి ఒప్పుకోలేదు. ఆ పక్కనుంచి మొదలుపెట్టి, ఆదవన్ పేరు మీదుగా, కాగితం చివరిదాకా రాసింది.

'ఒప్పుకోలేదు. అడిగారు. ఒప్పుకోలేదు. పెళ్ళాం మరుదాయి.'

"అక్కా! ఏం చేస్తున్నావక్కా!" సెంగోడన్ చెయ్యి పట్టుకోబోయాడు. చిన్నముత్తు మధ్యలోకొచ్చి, "ఆడమనిషి మీద చెయ్యెయ్యకు తమ్ముడూ, బయట కెమెరాలున్నాయి" అన్నాడు.

ఆమె రాసేదాకా ఎవరూ ఏమీ చెయ్యలేదు. రాసి, కలానికి మూత పెట్టి, మాస్టారి ముందు పెట్టింది.

"ఇప్పుడు చదవండి నియమం."

మాస్టారు చదవలేదు. చదవాల్సిన పని లేదు. పార్టీ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క నామినేషను, దాని మీద వంకరటింకర అక్షరాలు.

అర నిమిషం హాలు కిక్కురుమనలేదు. మరుదాయి ఆ అర నిమిషంలో పిచ్చిగా ఒకటి అనుకుంది, ఇప్పుడు ఎవరో ఒకరు లేచి రెండో పేరు చెప్తారని. గదిలో ముప్పై మంది ఉన్నారు, అందరికీ నోళ్ళున్నాయి. ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ పోయింది. ఒకడు ఫోను తీశాడు. ఒకడు చెప్పు సరిచేసుకున్నాడు. చిన్నముత్తు ఆమెవైపే చూశాడు, నోరు తెరిచాడు, మూసుకున్నాడు.

సెంగోడన్ బీరువా తెరిచి కొత్త ఫారం తీశాడు. "రండి, రండి, ఒక్కొక్కరూ. పదిమంది చాలు." వచ్చారు. వరుసలో నిలబడ్డారు. బతికున్న పదిమంది, వాళ్ళ చేతుల్తో, ఆమె కళ్ళ ముందే సంతకాలు పెట్టారు. ఏడోవాడు చిన్నముత్తు. మాస్టారు పైన తేదీ వేశాడు. గురువారం తేదీ.

"నిన్నటి తేదీ వేశారు మాస్టారూ."

ఆయన కలానికి మూత పెట్టాడు.

మరుదాయి బల్ల మీది పాత కాగితం తీసుకుని, ధ్రువపత్రంతో కలిపి మడిచింది.

"ఆ కాగితం ఇచ్చి వెళ్ళక్కా, ఆఫీసు రికార్డు" అన్నాడు సెంగోడన్, ఈసారి బతిమాలుతున్నట్టుగా.

"చెల్లని కాగితం నీకెందుకురా?"

వెనక గుమ్మం చూపించాడు. ఆమె ముందు గుమ్మంలోంచే దిగింది. మెట్ల మీద పత్రికల వాళ్ళు ఆమెని దాటుకుని లోపలికి తోసుకుపోయారు. తెల్ల రవిక, వెలిసిన నూలు చీర, ఎవరో వంటమనిషి అనుకుని ఉంటారు. ఆపి చెప్పాలనుకుంది. ఎవరూ ఆగలేదు. గేటు దాటకముందే టపాకాయలు అంటుకున్నాయి. మూడు కూడా కాలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పేరు పోయింది. కొత్త కాగితంలో కందప్పన్ లేడు. కావలసింది అదే, అయింది. అయినా గుండెల్లో మంట దిగలేదు. సెంగోడన్ మీద కాదు, వాడు ఎప్పుడూ అంతే. మాస్టారి మీద కూడా కాదు. పెరుందురై రోడ్డు దాటాక తెలిసింది ఎవరి మీదో.

"నాలుగేసి కాగితాలు!" అంది పైకే. "దిండు తెమ్మని, కళ్ళజోడు తెమ్మని! ఖాళీ కాగితం కింద పేరు పెట్టేటప్పుడు పైన ఏం రాస్తారో అడగాలని తెలీదా? నేనడిగితే రెండు రోజులు మాట మానేశావే! చివర్లో, చెయ్యి పడిపోయాక, అప్పుడొచ్చిందా రోషం? ముప్పై ఏళ్ళు ముందు రావాల్సింది! నువ్విచ్చిన కాగితాలే కదా, నీ మీదకే తెచ్చారు. నేనెళ్ళి ఆ ముప్పై మంది ముందు నిలబడాల్సొచ్చింది. నేను!"

పక్క సీట్లో కూర్చున్న, ఒళ్ళో మల్లెపూల బుట్ట ఉన్న ఆవిడ కాస్త జరిగి, తర్వాత జాలేసి మళ్ళీ దగ్గరికి జరిగింది.

"ఎవర్నమ్మా తిడుతున్నావు?"

"మా ఆయన్ని."

"ఇంట్లో ఉన్నాడా?"

"లేడు. ఆడి నెలలో పోయాడు."

"మరి నువ్విక్కడ తిడితే ఆయనకెలా వినపడుతుందమ్మా?"

మరుదాయి కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఊరు రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది.

"వింటాడు. ఇంకా సగం కూడా అనలేదు" అని కిటికీ వైపు తిరిగి మళ్ళీ అందుకుంది.